రెండు కళ్ళ ఠ

బడికి డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయి, దాని చరిత్ర అచ్చు వేయిస్తున్నాం అని హెడ్‌మాస్టరు వచ్చి చెప్పేసరికి నీళ్ళక్క వసారాలో కూర్చుని చీపురు కట్టుకుంటోంది. పుల్లలన్నిటినీ నేలకేసి తట్టి మొదళ్ళు సమం చేసి, తాడు రెండో చుట్టు తిప్పి బిగించేదాకా ఆమె తలెత్తలేదు.

"చరిత్రంటే ఏం రాస్తారు మాస్టారూ?" అంది అప్పుడు.

"ఎవరొచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరేం చేశారు. అంతేగా అక్కా. బీరువాలో రిజిస్టర్లు సగం చెదలు తినేశాయి. ఆ సగం నీ దగ్గరుంది" అని ఆయన వేలితో తన కణత మీద తట్టుకున్నాడు.

ఆమెకు అరవై ఏడేళ్ళు. బడిలో తాగే నీళ్ళ కుండ నింపడం ఆమె చేసిన ఉద్యోగం, అందుకని నీళ్ళక్క. అక్క ఎందుకయిందంటే, తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు ఒకటో తరగతిలో ఆమెను అక్కా అని పిలిచాడు. పక్కన కూర్చున్నవాళ్ళూ అలాగే పిలిచారు. వాళ్ళను చూసి తర్వాత వచ్చినవాళ్ళూ పిలిచారు. ఆ మొదటి వరసలో తమ్ముడి పక్కనే కూర్చుని, పలకను నాలికతో తడిపి మోచేత్తో తుడిచినవాడే ఇవాళ్టి హెడ్‌మాస్టరు. ఆయన ఆ కుర్చీ ఎక్కిన రోజు నుంచి ఆమె ఒరే అనడం మానేసి మాస్టారూ అంటోంది. ఆయన మాత్రం అక్కా అనడం మానలేదు. అది ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

పదకొండు మధ్యాహ్నాలు వచ్చాడాయన. నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకున్నాడు. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ అడిగితే మాత్రం, గోడకు వేసిన సున్నం ఏ ఏడు ఏ మూల పెచ్చు ఊడిందో కూడా చెప్పగలదు.

తొలి మాస్టారి గురించి చెప్పింది. ఆయన పశువుల కొట్టంలో బడి పెట్టాడు. గడ్డికట్టలకు ఇవతల పిల్లలు, అవతల దూడలు. హాజరు పిలుస్తుండగా దూడ అరిస్తే, ఇదీ వచ్చింది రాసుకోండి అనేవాడట. ఆమె ఐదో తరగతి దాకా చదివింది ఆయన దగ్గరే. ఒక వానాకాలం గోడ కూలుతుంటే పిల్లలందరినీ బయటికి తోలి, పలకల పెట్టె కోసం తను మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కాలు అవిటిదయింది. ఆ కాలు ఈడ్చుకుంటూ మరో మూడేళ్ళు చెప్పాడు.

ఆయన తర్వాత వచ్చినవాడికి ఉత్తరాల మాస్టారని పేరు. బదిలీ కోసం రోజూ తరగతిలో కూర్చుని పైవాళ్ళకు అర్జీలు రాసేవాడు. బాగా వచ్చిందో లేదో చూసుకోవడానికి పైకి చదివేవాడు. ఏడు నెలల్లో వెళ్ళిపోయాడు గానీ, ఆ ఏటి పిల్లలు అక్షరాల కన్నా ముందు "మహారాజశ్రీ" అనడం నేర్చుకున్నారు. హెడ్‌మాస్టరు పగలబడి నవ్వి అది రాసుకున్నాడు.

తర్వాత గొడుగు మాస్టారు.



అప్పటికి రెండు గదుల బడి లేచింది. ఆమెకు ఇరవై రెండేళ్ళు, కట్టుకున్నవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి ఏడాది. కుండ నింపే పని అప్పుడే దొరికింది. గొడుగు మాస్టారు పడుచువాడు, ఎండలోనూ వానలోనూ గొడుగుతోనే వచ్చేవాడు. వచ్చిన మొదటి రోజు గోడకు ఒక మేకు కొట్టి దానికి గొడుగు తగిలించాడు. రెండు నెలలు అలా వచ్చాడు. ఆ తర్వాత పట్నంలో గది తీసుకుని ఏవో పెద్ద పరీక్షలకు చదువుకోవడం మొదలుపెట్టాడు. నెలకొకసారి, మొదటి తారీఖున వచ్చేవాడు. ఆ నెల సంతకాలన్నీ ఒక్కచోట కూర్చుని పెట్టేవాడు. ఒకే సిరా అయితే చూసేవాళ్ళకు అనుమానం వస్తుందని రెండు కలాలు తెచ్చుకునేవాడు. ఇరవై ఆరు సంతకాలకు అద్దుడు కాగితం అందించింది నీళ్ళక్కే.

ఆయన లేని మొదటి వారం పిల్లలు వచ్చి, ఆడుకుని, నీళ్ళు తాగి వెళ్ళారు. రెండో వారం సగం మంది వచ్చారు. మూడో సోమవారం తొమ్మిది మంది. కుండ నింపినది నింపినట్టే ఉండిపోయింది. ఆ నిండు కుండను చూసి ఆమెకు భయం వేసింది. కొంగుకు తడి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, గోడ మీది అక్షరాల చార్టు ముందు నిలబడి అ అంది.

నాలుగేళ్ళు అలా నడిచింది. ఐదు తరగతులు, ఒక్క మనిషి. గొడుగు మాస్టారు పరీక్షలు నెగ్గి పెద్ద ఉద్యోగానికి వెళ్ళిపోయాక వేరే మాస్టర్లు వచ్చారు. కానీ ఎప్పుడూ ఒకరు తక్కువే. పై తరగతులు వాళ్ళు తీసుకుని, ఒకటో తరగతి ఆమెకే వదిలేసేవారు. పద్దెనిమిదేళ్ళు వదిలేశారు. మొత్తం ఇరవై రెండేళ్ళు ఆ ఊళ్ళో అక్షరం పట్టినవాళ్ళందరూ ఆమె చేతి కింద పట్టినవాళ్ళే. పనికిరాని పిల్లాడని ఇంట్లో వదిలేసినవాడిని కూడా ఆమె చేయి పట్టుకుని ఇసుకలో దిద్దించింది. రిజిస్టరులో మాత్రం ఆమె పేరు ఎదుట ఎప్పుడూ ఒకే మాట: నీళ్ళు.

ఒక తప్పు కూడా నేర్పింది. అదీ చెప్పింది.

ర లో ఒక చుక్క పెడితే ఠ అవుతుంది. ఆ చార్టులో ఠ కు రెండు చుక్కలుండేవి. తొలి మాస్టారు ఒకటే పెట్టించినట్టు ఆమెకు లీలగా గుర్తుంది. కానీ చార్టు అచ్చులో వచ్చింది, తన చదువు ఐదో తరగతి. అచ్చు తప్పు చెబుతుందా అనుకుంది. "ర గుడ్డిది, ఠకి రెండు కళ్ళు" అని పాటలా చెప్పించింది. ఊరంతా అదే నేర్చుకుంది. పాఠం అని రాసినా, కంఠం అని రాసినా లోపల రెండు కళ్ళు. ఆ ఊరివాడు ఎక్కడికి వెళ్ళి అర్జీ రాసినా అక్కడి గుమస్తా ఇదేమిటని అడిగేవాడు. పెద్దయి రంగుల పని పట్టిన తమ్ముడు బడి ముందు గోడ మీద మూరెడు అక్షరాలతో పాఠశాల అని రాస్తే, అందులోనూ రెండు కళ్ళే పెట్టాడు.

ఇరవై మూడేళ్ళ కింద టీచరమ్మ ఒకావిడ కొత్త చార్టుతో వచ్చింది. పాతది దించుతుంటే నీళ్ళక్క చూసింది. ఠ లో రెండో చుక్క చుక్క కాదు, బొక్క. దాని వెనక గోడలోనూ బొక్క. గొడుగు మాస్టారి మేకు, చార్టు మీద నుంచే దిగగొట్టింది. ఆమె చార్టు ముందు నిలబడకముందే మేకు ఊడిపోయింది, గొడుగు ఎప్పుడో వెళ్ళిపోయింది, నల్లటి బొక్క మిగిలింది. దాన్నే ఆమె ఇరవై రెండేళ్ళు అక్షరం అనుకుంది. టీచరమ్మ ఒక చుక్క నేర్పబోతే ఇళ్ళల్లో తల్లులు ఊరుకోలేదు. "రెండో కన్నేదే? అక్క నేర్పినట్టు రాయి" అని పిల్లల చెవులు మెలిపెట్టారు.

హెడ్‌మాస్టరు ఇదంతా రాసుకున్నాడు. పదకొండో రోజు నోటుపుస్తకం మూసేటప్పుడు ఆమె అడిగింది. నలభై అయిదేళ్ళలో ఆ బడిని ఆమె అడిగింది అదొక్కటే.

"నా ముక్క కూడా ఒకటి పెడతారా మాస్టారూ? పెద్దగా అక్కర్లేదు. ఒకటో తరగతి చెప్పింది అని. అంతే."

"అదేం మాటక్కా. నువ్వు లేకుండా ఈ బడికి చరిత్రేంటి? నీకు ఒక పేజీ" అన్నాడాయన.

ఆ సాయంత్రం తమ్ముడి భార్య పక్కింటావిడతో మాట్లాడుతూ ఎప్పటిలాగే "మా వదిన బడిలో కుండ నింపేది" అంది. ఆమె వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి. వచ్చేసరికి టీచరమ్మ ఉంది, చూసింది కుండనే. నీళ్ళక్క ఎప్పుడూ దిద్దలేదు. ఇప్పుడూ దిద్దలేదు. పుస్తకం రానీ, అదే చెబుతుంది అనుకుంది.

వేడుక నాలుగు రోజులుందనగా తమ్ముడు ఒక పెద్ద రేకు బోర్డు తెచ్చి వసారాలో గోడకు ఆనించాడు. నీలం పూత ఆరాక, హెడ్‌మాస్టరు ఇచ్చిన కాగితం చూస్తూ తెల్ల రంగుతో రాయడం మొదలుపెట్టాడు. పైన "ఈ పాఠశాలలో పనిచేసిన గురువులు" అని. కింద వరసగా పద్నాలుగు పేర్లు, ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని ఏళ్ళు. నీళ్ళక్క గుమ్మంలో కూర్చుని చూస్తోంది. తొలి మాస్టారు అయ్యాడు. ఉత్తరాల మాస్టారు అయ్యాడు. గొడుగు మాస్టారు అయ్యాడు, నాలుగేళ్ళతో సహా. ఇంకా కింద, ఇంకా కింద. పద్నాలుగోది రాసి తమ్ముడు కుంచె కిరసనాయిల్లో ముంచాడు.

"అయిపోయిందా?" అంది.

వాడు వెనక్కి తిరగలేదు. "రెండుసార్లు చూశానక్కా."

"కాగితం వెనక చూడు."

"వెనక నేను రాసుకున్న రంగు డబ్బాల లెక్కుంది."

లోపలి నుంచి మరదలు వచ్చి బోర్డును పైనుంచి కింది దాకా చూసింది. ఆమె చెడ్డది కాదు, నోరు ఊరుకోదు. "కుండ నింపినవాళ్ళూ చీపురు పట్టినవాళ్ళూ బోర్డెక్కుతారా వదినా? ఆశలు పెట్టుకోకు. దానికి నీళ్ళొదులుకో."

"నువ్వు లోపలికి పో" అన్నాడు తమ్ముడు.

"నేనేం అన్నాను? మీ హెడ్‌మాస్టరు బోర్డు మీద రాయించిందే నేను నోటితో అన్నాను."

"అక్కా, చివర జానెడు చోటుంది" అన్నాడు వాడు గొంతు తగ్గించి. "నేను రాసేస్తా. వాడేం చేస్తాడు? ఒకటో తరగతిలో వాడి పలక మీద కూడా నేనే రాసేవాణ్ణి."

"వద్దు. దొంగతనంగా ఎక్కితే అది నా పేరెలా అవుతుంది?" అని ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

హెడ్‌మాస్టరు గదిలో ఉన్నాడు. బల్ల మీద అచ్చయి వచ్చిన పుస్తకాల కట్టలు, కొత్త సిరా వాసన. ఆమెను చూడగానే ఆయన లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియనట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"బోర్డు చూశాను మాస్టారూ."

"అదీ... అక్కా..." అని ఆయన నీళ్ళు నమిలాడు. "రిజిస్టరు ప్రకారం రాయాలి కదా. రేపెవరైనా అడిగితే కాగితం చూపించాలి."

"పుస్తకంలో పేజీ అన్నారు."

ఆయన బీరువా తీసి, చెదలు వదిలేసిన ఒక పాత హాజరు పట్టీ బల్ల మీద పెట్టాడు. ఆ నాలుగేళ్ళదే. ప్రతి రోజూ ఎదుట గొడుగు మాస్టారి సంతకం, ఒకరోజు నల్ల సిరా, ఒకరోజు నీలం. దాని పక్కన ఒక ఉత్తరం. అప్పటి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి రాసి వెళ్ళింది: పిల్లల చదువు మెచ్చుకోదగినది, దీనికి మాస్టారి శ్రద్ధే కారణం.

ఆ రోజు ఆమెకు గుర్తుంది. మాస్టారేడని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఒక పిల్లాడికి జ్వరమొస్తే ఇంటి దగ్గర దింపడానికి ఇప్పుడే వెళ్ళారని ఆమె చెప్పింది. లేడంటే బడి ఎత్తేస్తారు. చెప్పేటప్పుడు కుండకు వీపు ఆనించి నిలబడింది.

పట్టీ మీద ఎర్ర సిరా గీతల వెంట ఆమె వేలు పెట్టి నడిపింది. "ఈ గీతలన్నీ నేను గీసినవే. ఈ పిల్లల హాజరు నేను వేసిందే."

"గీతలకి సంతకం ఉండదక్కా" అన్నాడు హెడ్‌మాస్టరు. మాట అనేశాక ఆయన మొహం కందింది. ఒక పుస్తకం తీసి ఆమె చేతికిచ్చాడు. "చూసుకో. నువ్వు చూడకుండా ఎవరో చెబితే వినడం కంటే నయం."

ఆమె కళ్ళజోడు తెచ్చుకోలేదు. పుస్తకం దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. తొలి మాస్టారు ఉన్నాడు. దూడ హాజరు ఉంది. ఉత్తరాల మాస్టారు మర్యాదగా ఉన్నాడు, అర్జీలు లేకుండా. గొడుగు మాస్టారికి నాలుగు పేజీలు, "స్వర్ణయుగం" అని పేరు. నాలుగో పేజీలో ఇలా ఉంది: "అక్షరాలు పిల్లల మనసులో నాటుకోవడానికి ఆయన కనిపెట్టిన ఉపాయాలెన్నో. ఠకారానికి రెండు చుక్కలు పెట్టించి, ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను లోకం మీద ఉండాలని బోధించారు. నేటికీ ఈ గ్రామస్తుల చేతిరాతలో ఆ మహనీయుని ముద్ర కనిపిస్తుంది."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఒక కన్ను లోకం మీద అన్న చోట ఆగింది.

"మేకు సంగతి చెప్పాను కదా మాస్టారూ."

"చెప్పావు."

"రాసుకున్నారు కదా."

"రాసుకున్నాను." ఆయన కిటికీ వైపు చూశాడు. "పిల్లలు ముప్ఫై ఒక్కమంది మిగిలారక్కా. ఈ బడి ఎత్తేసి పక్కూరి దాంట్లో కలిపేసే జాబితాలో మన పేరు ఉంది. గొడుగు మాస్టారు రిటైరయినా ఆయన మాట పైన చెల్లుతుంది. ముఖ్య అతిథిగా రమ్మంటే నాలుగుసార్లు తిప్పించుకుని ఒప్పుకున్నాడు. ఆయన నాలుగేళ్ళు బడికే రాలేదని పుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఆయన చేతనే విడుదల చేయించమంటావా?"

ఆమె ఆ పేజీ మీద వేలు అలాగే ఉంచింది.

"బడి నిలబడాలని ఆ రోజు నువ్వు ఇన్‌స్పెక్టరుకి ఒకటి చెప్పావు. ఇప్పుడు నేను అదే చెబుతున్నా, అచ్చులో. ఇదీ నీ దగ్గర నేర్చుకున్నదే అక్కా."

ఆమెకు ఏడుపు రాలేదు, కోపం కూడా సరిగా రాలేదు. పేజీలు తిప్పుతూ చివరికి వెళ్ళింది. ఆఖరి పేజీలో 'వసతులు' అని ఉంది. గదులు రెండు, తర్వాత మూడు. గంట ఒకటి. తాగునీరు: మొదట కుండ, తర్వాత బోరు, ప్రస్తుతం ఫిల్టరు.

"కుండ ఉంది" అంది నీళ్ళక్క. పుస్తకం కట్ట మీద పెట్టి, అంచులు సమంగా సర్ది వచ్చేసింది.

వేడుక రోజున ఊరంతా వచ్చింది. బడి ముందు షామియానా, కుర్చీలు. నీళ్ళక్క వెళ్ళకూడదనుకుని వెళ్ళింది. వెనక వరసలో మరదలి పక్కన కూర్చుంది. గొడుగు మాస్టారు కారు దిగాడు. జుట్టు తెల్లబడింది, నడక నెమ్మదించింది, మనిషి మాత్రం నిగనిగలాడుతున్నాడు. హెడ్‌మాస్టరు ఆయన నాలుగు పేజీలూ మైకులో చదివి వినిపించాడు. నలభై దాటినవాళ్ళు కొందరు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు ఏదో అనబోతే పక్కవాడు మోకాలితో పొడిచాడు. జాబితా సంగతి అందరికీ తెలుసు. కొందరు వెనక్కి తిరిగి నీళ్ళక్కను చూసి, ఆమె చూడగానే తల తిప్పుకున్నారు. చప్పట్లు కొట్టారు.

"ఆ రెండు కళ్ళ సంగతి ఈయనదా వదినా? నీదని అనేవాడు మీ తమ్ముడు" అంది మరదలు.

"పుస్తకంలో ఉందిగా" అంది నీళ్ళక్క.

అప్పుడు వేదిక మీద నల్లబల్ల తెచ్చి పెట్టారు. ముఖ్య అతిథి తన చేత్తో పాఠశాల అని రాసి కొత్తగా కట్టిన మూడో గదిని ప్రారంభించాలి, అది హెడ్‌మాస్టరు ఆలోచన. గొడుగు మాస్టారు సుద్దముక్క తీసుకున్నాడు. పా రాశాడు. ఠ రాశాడు. అందులో ఒక చుక్క పెట్టాడు. శా రాశాడు, ల రాశాడు. సుద్ద దులుపుకున్నాడు.

షామియానా కింద మూడు వందల మంది ఆ ఒక్క చుక్కనే చూస్తున్నారు. గొడుగు మాస్టారికి ఎందుకు చూస్తున్నారో తెలియలేదు. తను రాసినదాన్ని ఒకసారి తిరిగి చూసుకున్నాడు. తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే తప్పేమీ లేదు.

నీళ్ళక్క కుర్చీ అంచుకు జరిగింది. ఎవరైనా ఒకరు, ఒక్కరు లేచి అడిగితే చాలనుకుంది. తను నేర్పినవాళ్ళే అందరూ.

హెడ్‌మాస్టరు గబగబా వెళ్ళి సుద్దతో రెండో చుక్క పెట్టాడు. "సార్ మనల్ని పరీక్షించారు" అన్నాడు మైకులో. "ఎవరైనా కనిపెడతారా అని ఒక కన్ను దాచిపెట్టారు."

ఊరంతా హాయిగా నవ్వింది. బరువు దించుకున్నవాళ్ళలా నవ్వారు, చప్పట్లు ఈసారి నిజంగా కొట్టారు. గొడుగు మాస్టారు కూడా ఏమీ అర్థం కాకుండానే నవ్వాడు. నవ్వి, గొంతు సవరించుకుని చుట్టూ చూశాడు. దాహం. బల్ల మీద గ్లాసులు ఖాళీగా ఉన్నాయి. హెడ్‌మాస్టరు కళ్ళు అలవాటుగా వెనక వరసలో వెతికాయి. ఆమె కాళ్ళు కూడా అలవాటుగానే లేచాయి. సగం దూరం నడిచాక గానీ ఎందుకు లేచానా అని ఆమెకు తోచలేదు. వెనక్కి వెళ్ళడం మరీ బాగుండదని ఫిల్టరు దగ్గర గ్లాసు నింపి తీసుకెళ్ళింది.

గొడుగు మాస్టారు గ్లాసు అందుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు... నీళ్ళు కదూ?"

"అవునండీ."

"ఇంకా ఉన్నావా?"

"ఉన్నానండీ."

ఆయన రెండు గుక్కలు తాగాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అడిగాడు. "ఈ రెండు చుక్కల గొడవేమిటి? నాకేమీ గుర్తు లేదే."

"మీరు కొట్టిన మేకండీ" అంది నీళ్ళక్క.

ఆయనకు అర్థం కాలేదు. హోదా ఉన్నవాళ్ళు ముసలివాళ్ళ మాటకు నవ్వినట్టు నవ్వి, సగం నీళ్ళున్న గ్లాసు ఆమె చేతికి తిరిగిచ్చేశాడు. తర్వాత మాట్లాడుతూ, బడి విషయం పైవాళ్ళతో ఒక మాట అని చూస్తానన్నాడు. చూస్తానన్నాడు, అంతే. కారు వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే నీళ్ళక్క తమ్ముణ్ణి లేపింది. "తెల్ల రంగు డబ్బా తీసుకుని రా."

"బోర్డులో రాయమంటావా?" అని వాడు ఉత్సాహంగా లేచాడు. "చోటుంది, జానెడు."

ఆమె ముందు నడిచింది. బడి ముందు గోడ దగ్గర ఆగింది. తెల్లటి గోడ మీద నల్లగా, మూరెడు అక్షరాలు. పాఠశాల. ఠ లోంచి రెండు కళ్ళు వీధిలోకి చూస్తున్నాయి. పెట్టి ముప్ఫై ఏళ్ళయినా ఏటా వాడు కొత్త రంగు దిద్దుతూనే ఉన్నాడు.

"కుడి పక్కది తీసెయ్" అంది.

"ఏంటక్కా?"

"ఆ చుక్క. కప్పెయ్."

వాడు తెల్లమొహం వేశాడు. "ఊరంతా అలాగే రాస్తుంది. నేనూ అలాగే రాస్తాను. ఇప్పుడు తీసేస్తే ఏమంటారు?"

"ఏమీ అనరు. నిన్న అన్నారా?"

"అది తప్పని తెలిసి కూడా ఇన్నేళ్ళు ఉంచావు కదా. నేను దిద్దుతానంటే నువ్వే వద్దన్నావు. ఉండనీరా, బాగుంది అన్నావు."

"నాది కాబట్టి ఉండనిచ్చాను" అంది ఆమె. "ఈ బడిలో నేను పాఠం చెప్పలేదని తేలింది. చెప్పని మనిషి తప్పు గోడ మీద ఎందుకు? ఆయన పేరు మీద నా తప్పు వద్దు. తీసెయ్."

వాడు కుంచె ముంచి, అంచు డబ్బాకు రాసి, చుక్క మీద ఒక్క పూత లాగాడు. నల్లది బూడిద రంగయింది. మరో పూత వేశాడు. ఠ ఒంటికన్నుతో మిగిలింది. దూరం జరిగి చూసి, వాడు మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. రంగు అంటుకుందో, మరేమిటో.

"చాలా అక్కా?"

నీళ్ళక్క దగ్గరికి వెళ్ళి చూసింది. కొత్త తెలుపు పాత తెలుపులో కలవలేదు. చుక్క పోయింది గానీ, చుక్క ఉన్న చోటు గుండ్రంగా అలాగే తెలుస్తోంది.

"ఇంకా కనపడుతోందిరా" అంది. "ఇంకో పూత వెయ్."